నీడను కొలిచిన పండితుడు ఎరటోస్తనీసు

ఏటా ఏప్రిల్ మాసం నడుమ, చిత్తిరై మొదటి తేదీకి ఒక రోజు అటు ఇటుగా, మన ఊళ్లలో ఒక చిన్న వింత జరుగుతూ ఉంటుంది. కోవిల్‌పట్టిలో 13, 14 తేదీలలోను, విరుదునగర్‌లో 14, 15 తేదీలలోను మధ్యాహ్నం సుమారు 12 గంటల 20 నిమిషాలకు, నేలపై నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మళ్లీ ఆగస్టు చివరి రోజులలో ఇదే వింత రెండవసారి కనిపిస్తుంది. ఏడాదిలో తక్కిన ఏ మధ్యాహ్నమూ మనకు ఇలా జరుగదు. ప్రతిదినమూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిననే ఉంటాడని మనలో చాలామంది అనుకుంటాము. ఈ వ్యాసకర్త కూడ బాల్యంలో అలాగే అనుకొన్నవాడే. కర్కటక రేఖ ఇరవై మూడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమని కంఠస్థం చేసి పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాడే గాని, ఆ ఇరవై మూడున్నర ఎక్కడి నుండి వచ్చినదని ఏనాడూ అడుగలేదు.

ఏప్రిల్ 14 తమిళ సంవత్సరాది. ఆ రోజున బడికి సెలవు. అందువలన ఈ 75 సంవత్సరాలలో వసంతకాలపు నీడ మాయమైన వేళలలో మన ఆటస్థలం చాలవరకు నిర్మానుష్యంగానే ఉండి ఉంటుంది. ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, నీడలేని ఒక మధ్యాహ్నాన్ని ఆధారం చేసుకొని భూగోళం చుట్టుకొలతను నిర్ణయించిన మహనీయుని జీవితాన్ని మన పిల్లల ముందు, వారి తల్లిదండ్రుల ముందు ఉంచడం ఉచితమని తలచి ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

జననము, విద్యాభ్యాసము

ఎరటోస్తనీసు క్రీస్తు పూర్వం 276 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికా తీరాన సైరీనీ అనే గ్రీకు పట్టణంలో జన్మించాడు. ఆ ప్రదేశం నేటి లిబియా దేశంలో ఉన్నది. గ్రీసు దేశానికి సముద్రానికి ఆవలి ఒడ్డున, పరాయి నేలపై వెలసిన గ్రీకువారి ఊరు అది. మాతృభూమికి దూరంగా ఉన్నా భాషను, విద్యను విడువని జనం వారు. ఇంట తెలుగును, వీధిలో తమిళాన్ని పలుకుతూ పెరిగిన మనకు అటువంటి ఊరిని ఊహించుకోవడం కష్టం కాదు.

యౌవనంలో ఆయన ఏథెన్సు నగరానికి వెళ్లి అనేక సంవత్సరాలు విద్యాభ్యాసం చేశాడు. ప్లేటో స్థాపించిన విద్యాపీఠానికి అప్పటి అధిపతియైన ఆర్కెసిలాస్ వద్దను, స్టోయిక్ సంప్రదాయానికి చెందిన అరిస్టాన్ వద్దను తత్త్వశాస్త్రం అభ్యసించాడు. వ్యాకరణం, కవిత్వం, గణితం, ఖగోళం అన్నిటియందు ఆయనకు సమానమైన ఆసక్తి. ఒక్క గురువునే పట్టుకొని ఒక్క శాస్త్రానికే అంకితం కాకపోవడం ఆనాటి పండితులకు లోపంగానే తోచినది.

ఆయన ఖ్యాతి విన్న ఈజిప్టు ప్రభువు మూడవ టాలెమీ క్రీస్తు పూర్వం 245 ప్రాంతంలో ఆయనను అలెగ్జాండ్రియా నగరానికి ఆహ్వానించాడు. కాలక్రమంలో అక్కడి సుప్రసిద్ధ గ్రంథాలయానికి ఆయన అధిపతి అయ్యాడు. యువరాజుకు గురువుగా కూడ నియమితుడయ్యాడు. నాటి ప్రపంచంలో ఎక్కడ ఏ గ్రంథం దొరికినా తెప్పించి, పపైరస్ చుట్టలపై ప్రతులు వ్రాయించి భద్రపరచిన విద్యానిలయం అది. తక్కిన జీవితమంతా ఆయన అక్కడనే గడిపాడు.

ద్వితీయుడన్న పేరు

ఆయన సమకాలికులు ఆయనకు బీటా అనే ముద్దుపేరు పెట్టారని చెబుతారు. గ్రీకు అక్షరమాలలో అది రెండవ అక్షరం. ఏ శాస్త్రంలో చూచినా ఆయన రెండవ స్థానంలో నిలుస్తాడే గాని మొదటి స్థానం దక్కదని ఆ పరిహాసం. అయితే ఆ ద్వితీయుడు సాధించిన పనులను ఒకసారి పరిశీలించండి. ప్రధాన సంఖ్యలను వరుసగా ఏరి తీయడానికి ఆయన కనిపెట్టిన జల్లెడ పద్ధతిని ఈనాటికీ మన తరగతి గదులలో ఆయన పేరుతోనే బోధిస్తున్నాము. ఘనాన్ని రెట్టింపు చేయడమనే క్లిష్ట సమస్యకు ఒక యంత్రసాధనాన్ని రూపొందించాడు. ట్రాయ్ యుద్ధం మొదలుకొని గ్రీకు చరిత్రలోని సంఘటనలకు కాలనిర్ణయం చేసే ప్రయత్నం చేశాడు. మహాగణితవేత్త ఆర్కిమెడీసు తాను సిద్ధాంతాలను కనుగొన్న తీరును వివరించే ఒక గ్రంథాన్ని ఈయన పేరనే వ్రాసి పంపాడు. భూమి వర్ణనకు జాగ్రఫీ అన్న పేరు కూడ ఆయన గ్రంథంతోనే ప్రచారంలోనికి వచ్చినది.

అన్ని శాస్త్రాల మీదను కొంత కొంత అధికారం ఉండడమే ఆయనకు మేలు చేసినది. దూరదేశపు బావిని గురించిన వార్త, రేఖాగణితంలోని ఒక సూత్రం, దారిదూరాల లెక్క, ఈ మూడింటిని ఒక్కచోట చేర్చగల మనస్సు ఆయనకు తప్ప ఆనాడు మరెవరికీ లేకపోయినది.

సియెనీ పట్టణపు బావి

ఈజిప్టు దక్షిణ భాగాన, నైలు నది ఒడ్డున సియెనీ అనే పట్టణం ఉండేది. నేటి అస్వాన్ అదే. పగలు అత్యంత దీర్ఘంగా ఉండే దినాన, మధ్యాహ్నవేళ అక్కడి శంకువులకు నీడ పడదనీ, లోతైన బావి అడుగువరకు సూర్యకాంతి ప్రసరిస్తుందనీ ప్రసిద్ధి. ఆ వార్త విన్నవారు ఎందరో ఉండవచ్చును. దానిని ఒక కొలతగా చూచినవాడు ఎరటోస్తనీసు.

అదే దినాన, అదే వేళ అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ పడుతున్నది. గిన్నెవంటి ఛాయాయంత్రంలో నిలిపిన శంకువు నీడను కొలువగా అది పూర్ణవృత్తంలో 50వ భాగం, అనగా 7 డిగ్రీల 12 నిమిషాలు అయినది. సూర్యుడు మిక్కిలి దూరాన ఉన్నాడు గనుక ఆయన కిరణాలు రెండు ఊళ్లమీదను సమాంతరంగానే పడతాయి. అయినా నీడలలో తేడా ఉన్నదంటే నేల వంగి ఉన్నదన్నమాట. ఆ తేడా ఎంతో, రెండు ఊళ్ల మధ్య భూగోళపు వంపు అంతే. రెంటికీ నడుమ దూరం 5,000 స్టేడియాలుగా గ్రహించాడు. దానిని 50తో హెచ్చించగా భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలని తేలినది. తరువాత దానిని 2,52,000గా సవరించాడు.

స్టేడియం అంటే నేటి లెక్కలో ఎంత అన్న విషయమై పండితులలో భేదాభిప్రాయాలు ఉన్నవి. తక్కువ కొలతను గ్రహిస్తే సుమారు 39,000 కిలోమీటర్లు, ఎక్కువ కొలతను గ్రహిస్తే 46,000 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల మీదుగా భూమి నిజమైన చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. ఆయన లెక్కలో పొరపాట్లు లేకపోలేదు. అలెగ్జాండ్రియా సియెనీకి సరిగ్గా ఉత్తరాన లేదు. మూడు డిగ్రీలు పడమరగా ఉన్నది. సియెనీ సరిగ్గా కర్కటక రేఖపై లేదు. ఆనాటి రేఖకు దాదాపు 40 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నది. దూరం కూడ గుండ్రని అంకె. అయినప్పటికీ పద్ధతి నిర్దుష్టమైనది. ఈనాడు ఎంత సూక్ష్మ పరికరంతో కొలిచినా ఆ రెండు నగరాల అక్షాంశాల తేడా 7 డిగ్రీల 7 నిమిషాలు. ఆయన కొలతకు దీనికి తేడా 5 నిమిషాలు మాత్రమే.

వాలిన అక్షము, వెనుదిరిగే సూర్యుడు

సియెనీకి ఆ ప్రత్యేకత ఎందుకు కలిగినది? భూమి తన అక్షంపై తిరుగుతూ సూర్యుని చుట్టును తిరుగుతున్నది. ఆ అక్షం కక్ష్యాతలానికి లంబంగా నిలువక 23 డిగ్రీల 26 నిమిషాలు వాలి ఉన్నది. ఏడాది పొడుగునా ఆ వాలు ఒకే దిక్కునకు ఉంటుంది. జూన్‌లో ఉత్తరార్ధగోళం సూర్యుని వైపునకు ఒరిగితే, డిసెంబరులో దక్షిణార్ధగోళం ఒరుగుతుంది. కనుక సూర్యుడు నడినెత్తిన నిలిచే స్థానం దినదినమూ ఉత్తరానికి జరుగుతూ జూన్ 21 నాటికి 23 డిగ్రీల 26 నిమిషాల అక్షాంశాన్ని చేరి, అక్కడి నుండి వెనుదిరుగుతుంది. డిసెంబరులో దక్షిణాన అంతే దూరం పోయి మళ్లీ వెనుదిరుగుతుంది. ఆ రెండు మలుపులే కర్కటక రేఖ, మకర రేఖ. అక్షం ఎంత వాలితే ఆ రేఖలు భూమధ్యరేఖకు అంత దూరాన ఉంటాయి. వాలు లేకుంటే రెండు రేఖలూ భూమధ్యరేఖలో కలిసిపోయేవి. ఋతువులు ఉండేవి కావు.

ఈ రేఖలకు గ్రీకులు పెట్టిన పేరునకు మలుపు అని అర్థం. ఉత్తరాయణ దక్షిణాయనాలని మన పెద్దలు చెప్పినది కూడ ఈ గమనాన్నే. పేర్లు పెట్టిన కాలంలో సూర్యుడు కర్కాటక, మకర రాశులలో ప్రవేశించే వేళ ఈ మలుపులు జరిగేవి. భూమి అక్షం బొంగరం వలె మెల్లగా దిక్కు మార్చుకొంటున్నందున, మలుపు డిసెంబరు 21, 22 తేదీలలోనే జరిగిపోగా మన పంచాంగపు మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలకు చేరినది. పండుగ రాశిని అనుసరించినది. రేఖ వాలును అనుసరించినది.

ఎరటోస్తనీసు కాలంలో భూమి నిశ్చలమనీ, సూర్యుడే ఏటవాలు మార్గాన తిరుగుతున్నాడనీ అధికసంఖ్యాకుల నమ్మకం. అయినా వాలును కొలవడానికి ఆ నమ్మకం అడ్డు రాదు. ఒకే చోట రెండు అయనాంత దినాలలోను మధ్యాహ్న సూర్యుని ఎత్తును కొలిచి, తేడాలో సగం తీసుకొంటే చాలు. రెండు అయనరేఖల మధ్య దూరం పూర్ణవృత్తంలో 83 భాగాలకు 11 భాగాలన్న విలువను, తరువాతి కాలపు ఖగోళవేత్త టాలెమీ తన గ్రంథంలో ఎరటోస్తనీసు పేరుతో ముడిపెట్టాడు. అందులో సగం 23 డిగ్రీల 51 నిమిషాలు. అది అచ్చముగా ఎరటోస్తనీసు కొలతయేనా అన్నదానిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. మన దేశంలో 499లో ఆర్యభటుడు ఆ వాలును 24 డిగ్రీలుగా గ్రహించాడు. ఎరటోస్తనీసు కాలపు నిజమైన విలువ 23 డిగ్రీల 44 నిమిషాలు.

మన ప్రాంతము ఆయన పటములో

పేరుపొందిన జీవితాలలోని లోపాలను దాచిపెట్టడం మన సంచికలలో పరిపాటి. అది సత్యానికి మేలు చేయదు. ఎరటోస్తనీసు తాను చూడని దేశాలను ఇతరుల వ్రాతలను బట్టి పటంపై చేర్చవలసి వచ్చినది. భారతదేశాన్ని గురించి ఆయనకు ఆధారం అలెగ్జాండరు వెంట వచ్చినవారి వృత్తాంతాలు, పాటలీపుత్రంలో రాయబారిగా ఉన్న మెగస్తనీసు రచనలు. వాటిని నమ్మి మన దేశపు దక్షిణపు కొనను నైలు తీరపు మెరోయీ నగరానికి సమాన అక్షాంశంలో ఉంచాడు. మెరోయీ సుమారు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. మన కన్యాకుమారి 8 డిగ్రీల వద్ద ఉన్నది. అనగా ఆయన పటంలో భారతదేశం దాదాపు నేటి హైదరాబాదు అక్షాంశం వద్దనే ముగిసిపోయినది. కోవిల్‌పట్టికి, విరుదునగర్‌కు అందులో చోటే లేదు.

మరొక విషయం. అయనరేఖల నడుమ ఉన్న పట్టీ సూర్యతాపానికి మాడిపోయి మానవ నివాసానికి తగదని గ్రీకు పండితులలో గట్టి అభిప్రాయం ఉండేది. ఎరటోస్తనీసు కూడ భూమిని ఐదు మండలాలుగా వర్ణించిన తన కావ్యంలో ఆ నడిమి భాగాన్ని మండే సీమగానే చిత్రించాడు. కాని భూమధ్యరేఖ వద్ద వాతావరణం సమశీతోష్ణంగా ఉంటుందన్న అభిప్రాయాన్ని కూడ ఆయన ప్రకటించినట్లు తరువాతి భూగోళవేత్త స్ట్రాబో వ్రాతల వలన తెలుస్తున్నది. మాడిపోయినదన్న ఆ సీమలోనే మనము తరతరాలుగా నల్లరేగడిలో ప్రత్తి పండించుకొంటూ, బడులు కట్టుకొంటూ జీవిస్తున్నాము. ఎండ తీవ్రత మనకు తెలియనిది కాదు. అయినా ఆ ఎండలోనే మన వ్యవసాయం, మన వర్తకం వర్ధిల్లినవి.

చివరి దినములు

వృద్ధాప్యంలో ఆయన కంటిచూపు క్షీణించినది. జీవితమంతా గ్రంథాల నడుమ గడిపినవాడికి, నీడ అంచును చూచి లోకాన్ని కొలిచినవాడికి అంతకంటె పెద్ద దుఃఖం ఉండబోదు. చదువలేని బ్రతుకును భరించలేక ఆహారం మాని, దాదాపు 80 ఏళ్ల వయస్సులో, క్రీస్తు పూర్వం 194 ప్రాంతంలో కన్నుమూశాడని ప్రాచీనులు వ్రాశారు. ఆ నిర్ణయాన్ని మనము ఆదర్శంగా గ్రహించనవసరం లేదు. చూపులేనివారు కూడ చదువగల సాధనాలు మన కాలంలో ఉన్నవి. చదువు ఆయనకు ఎంతటి ప్రాణమో గ్రహిస్తే చాలును.

భూమి కొలతను గురించి ఆయన వ్రాసిన గ్రంథం నశించినది. భూగోళ గ్రంథమూ నశించినది. ఆయనను విమర్శించినవారు, సంగ్రహించినవారు వ్రాసిపెట్టిన మాటల నుండే మనము ఆయనను తెలుసుకొంటున్నాము. భూమిని కొలిచిన వృత్తాంతం కూడ కొన్ని శతాబ్దాల తరువాత క్లియోమెడీసు వ్రాసిన పాఠ్యగ్రంథం వలన నిలిచినది. పిల్లలకు పాఠం చెప్పడం కోసం ఒక ఉపాధ్యాయుడు సులభంగా వ్రాసిన పుస్తకమే ఆ జ్ఞానాన్ని కాపాడినదన్న విషయం ఉపాధ్యాయులమైన మాకు ధైర్యాన్ని ఇస్తున్నది.

మన నేలపై ఆయన పద్ధతి

ఎరటోస్తనీసు ప్రారంభించిన పని రెండువేల ఏళ్ల తరువాత మన ప్రాంతానికే వచ్చినది. 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచి సర్వే ప్రారంభించిన విలియం లాంబ్టన్, 1809లో తిరునెల్వేలి ప్రాంతంలో మరొక ఆధారరేఖను కొలిచాడు. కన్యాకుమారి సమీపం నుండి ఉత్తరంగా 78వ రేఖాంశం వెంబడి సాగిన ఆ మహాచాపం మన ప్రాంతం మీదుగా, తెలుగునాట గుత్తి మీదుగా బీదరు వైపునకు సాగినది. నీడకు బదులు నక్షత్రాలను, నడకకు బదులు ఇనుప గొలుసులను వాడాడు. సూత్రం మాత్రం అలెగ్జాండ్రియాలో పుట్టినదే. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించాడు. పనిని తరువాతివారు హిమాలయాల వరకు కొనసాగించారు.

అయనరేఖలు కూడ స్థిరమైనవి కావు. భూమి అక్షపు వాలు సుమారు 41,000 సంవత్సరాల కాలచక్రంలో హెచ్చుతగ్గులు పొందుతూ ఉంటుంది. ప్రస్తుతం తగ్గుతున్నది. అందుచేత కర్కటక రేఖ సగటున ఏటా 14, 15 మీటర్ల చొప్పున దక్షిణానికి జరుగుతున్నది. ఎరటోస్తనీసు నాటి నుండి అది 30 కిలోమీటర్లకు పైగా జరిగినది. మన పాఠశాల నడచిన ఈ 75 సంవత్సరాలలో ఒక కిలోమీటరుకు కొంచెం పైగా జరిగినది. పటంలో కదలని గీతగా మనము చదువుకొన్నది నేలపై మనతోపాటు నడుస్తూనే ఉన్నది.

ఒక విన్నపము

ఈ జూబిలీ సందర్భంలో పూర్వవిద్యార్థులు బడికి ఏదో ఒకటి సమర్పించాలని తలపోస్తున్నారు. భవనాలు, బల్లలు అవసరమే. వాటితోపాటు ఆటస్థలం మధ్య ఒక నిటారైన శంకువును నాటించవలసినదిగా ప్రార్థన. దానికి అయ్యే ఖర్చు స్వల్పం.

కోవిల్‌పట్టి లెక్కలో చెబుతాను. జూన్ 21 మధ్యాహ్నం మీటరు కర్ర నీడ దక్షిణ దిశగా సుమారు 25 సెంటీమీటర్లు పడుతుంది. డిసెంబరు 21న ఉత్తర దిశగా 64 సెంటీమీటర్లు పడుతుంది. ఆ రెండు నీడల నుండి సూర్యుని కోణాలు లెక్కిస్తే ఒకటి 14.3 డిగ్రీలు, మరొకటి 32.6 డిగ్రీలు. రెంటినీ కూడి సగం చేస్తే 23.4 డిగ్రీలు. పుస్తకంలో కంఠస్థం చేసిన ఆ అంకె మన పిల్లల చేతులలోనే పుడుతుంది.

ఏప్రిల్‌లో సెలవు అడ్డు వచ్చినా ఆగస్టు 29, 30 తేదీలు సాధారణంగా బడి దినాలే. ఆ మధ్యాహ్నం కోవిల్‌పట్టిలో నీడ మాయమైనప్పుడు, 46 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న విరుదునగర్‌లో మీటరు కర్రకు 7 మిల్లీమీటర్ల నీడ ఉంటుంది. అంత చిన్న తేడాను కొలవడం కష్టం. అదే వేళ హైదరాబాదులోని ఏదైనా తెలుగు బడి పిల్లలు కొలిస్తే వారి కర్రకు 14 సెంటీమీటర్లకు పైగా నీడ ఉంటుంది, అనగా 8.2 డిగ్రీలు, వృత్తంలో సుమారు 44వ భాగం. హైదరాబాదు మనకు దాదాపు సరిగ్గా ఉత్తరాన, సుమారు 910 కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఆ రెంటినీ హెచ్చిస్తే 40,000 కిలోమీటర్లు వస్తుంది. సియెనీ, అలెగ్జాండ్రియాల జంటకంటె కోవిల్‌పట్టి, హైదరాబాదుల జంట ఈ పనికి ఇంకా అనుకూలమైనది.

ఒక్క ఫోను పిలుపుతో అక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు ఒకే భాషలో తమ తమ నీడల కొలతలను చెప్పుకొని భూగోళాన్ని కొలవగలరు. ఎరటోస్తనీసు స్వయంగా దర్శించలేని, ఆయన పటంలో చోటే లేని ఈ నేలపై ఆయన పాఠం జరుగుతుంది. వచ్చే ఆగస్టు నాటికైనా ఆ శంకువు మన ఆటస్థలంలో నిలిచి ఉండాలని ఆశిస్తూ, పాఠశాల మరెన్నో వసంతాలు చూడాలని కోరుకొంటున్నాను.